రోండో ముగిశాకే పెళ్ళి

మతౌష్ బొహీమియాలో ఒక చిన్న దొరగారి దివాణంలో పనివాడు. పొద్దున దొరగారికి గడ్డం గీసేవాడు, మధ్యాహ్నం కుర్చీ వెనక నిలబడి వడ్డించేవాడు, సాయంత్రం వయొలిన్ కంటే కాస్త పెద్దదైన వయోలా వాయించేవాడు. మూడు పనులకూ జీతం ఒకటే, కోటూ ఒకటే. ఆ రోజుల్లో దొరలు పనివాణ్ణి పెట్టుకునే ముందు దొంగతనం చేస్తావా అని అడిగేవారు కారు, ఏం వాయిస్తావని అడిగేవారు. మతౌష్ వయోలా అన్నాడు. ఆ వాద్యానికి మనుషులు దొరకడం కష్టం కాబట్టి రెండో ప్రశ్న అడగలేదు.

దొరగారికి భార్య పోయింది, పిల్లలు లేరు, మోకాళ్ళ నొప్పుల వల్ల వేటా లేదు. మిగిలింది వయొలిన్ ఒక్కటే. గురువారం సాయంత్రం నలుగురు కూర్చునేవారు. మొదటి వయొలిన్ దొరగారు, రెండోది ఊరి బడిపంతులు ఇగ్నాత్స్, చెల్లో ఫాదర్ ప్రొకొప్, వయోలా మతౌష్. మిగతా రోజుల్లో మతౌష్ దొరగారి ఎదుట కూర్చోవడానికి వీల్లేదు. గురువారం మాత్రం నిలబడితే తిట్లు తప్పేవి కావు.

వాళ్ళు పట్టు వదలకుండా వాయించే క్వార్టెట్, అంటే నాలుగు వాద్యాల కృతి, ఒకటుంది. దాని కాగితాలు వియన్నా నుంచి వస్తూ దారిలో వానకు తడిసి, పైన రాసిన స్వరకర్త పేరు చెరిగిపోయింది. హైడన్ అనేవారు దొరగారు. కాదు, మన వాన్హాల్ అనేవారు ఫాదర్. ఎవడైనా సరే, జాలి లేనివాడు అనేవాడు పంతులు.

అందులో మొదటి మూడు భాగాలూ ఎలాగో గట్టెక్కేవి. నాలుగోది రోండో. పల్లవి వస్తుంది, ఒక చరణంలోకి పోతుంది, మళ్ళీ పల్లవి, ఇంకో చరణం, ఇలా తిరిగి తిరిగి ఆఖరి పల్లవి అయ్యాక ముగింపు. పాటకు ఇంతకంటే తేలికైన ఏర్పాటు మరొకటి లేదు. అయినా దొరగారు ప్రతి పల్లవి తర్వాతా మొదటి చరణంలోకే తిరిగిపోయేవారు. మొదటి వయొలిన్ ఎటు పోతే మిగతావాళ్ళు అటు పోవాలి, అందులోనూ ఆ వయొలిన్ దొరగారిది. నలుగురూ కలిసి గానుగెద్దుల్లా తిరిగేవారు. చివరికి దొరగారు చెయ్యి నొప్పెట్టి, వచ్చే వారం ముగిద్దాంలే అనేవారు.

ఇదంతా మతౌష్‌కు మొదట్లో సరదాగానే ఉండేది. తర్వాత వంటింట్లో అపొలేన చేరింది. ఇద్దరూ ఇష్టపడ్డారు. పెళ్ళికి దొరగారి అనుమతి కావాలి. మతౌష్ వెళ్ళి అడిగాడు.

"ఆ రోండో ఒక్కసారి చివరిదాకా పోనీరా," అన్నారు దొరగారు, వయొలిన్ శ్రుతి చేసుకుంటూ. "ఆ రోజే సంతకం పెడతాను."

మహా అయితే రెండు గురువారాలు అనుకున్నాడు మతౌష్. అపొలేన దిండు గలీబులు కుట్టడం మొదలుపెట్టింది. అవి పూర్తయ్యాయి. వాటి మీద పువ్వులు కుట్టింది. ఏళ్ళు గడిచాయి, ఊరికే ఉంచడమెందుకని వాడేసింది, అవి చిరిగిపోయాయి కూడా.

మిగతావాళ్ళు చేతనైనంత చేశారు. తిరగాల్సిన చోట ఫాదర్ దగ్గేవారు, పంతులు కాలితో నేలను తన్నేవాడు. మతౌష్ ముగింపు వైపు గట్టిగా లాగితే, వయోలా ఈ పూట మరీ పెద్దగా ఉందని దొరగారు విసుక్కునేవారు.

"దొరకి మతి లేదు సరే, నీకూ లేదా?" అంది అపొలేన ఒక రోజు. "నేను ముసలిదాన్నయ్యాక వచ్చి చెప్తావా, రోండో అయిపోయిందని?"

మతౌష్ దొరగారికి బుర్ర తక్కువని, పాపం ఆయన మాత్రం ఏం చేస్తారని అప్పటిదాకా సర్దుకుపోతూ వచ్చాడు.

ఒక వసంతకాలం పొద్దున వేణ్ణీళ్ళ చెంబుతో గది దగ్గరికి వచ్చి తలుపు బయట ఆగిపోయాడు. లోపల దొరగారు ఒక్కరే వాయించుకుంటున్నారు. పల్లవి, మొదటి చరణం, పల్లవి, రెండోది, పల్లవి, మూడోది, ఆఖరి పల్లవి, ముగింపు. ఎక్కడా తడబాటు లేదు. ముగింపు చాలా అందంగా ఉంది. మతౌష్‌కు ఒళ్ళు మండిపోయింది. పుట్టాక అంత కోపం ఎప్పుడూ రాలేదు.

లోపలికి వెళ్ళి, నురగ పూసి, కత్తి నూరి, గీయడం మొదలుపెట్టాడు.

"ముగింపు బాగుంది దొరా," అన్నాడు.

దొరగారు కదల్లేదు. కత్తి గొంతు మీద ఉంది కాబట్టి కదలకపోవడమే మంచిది.

"ఎప్పట్నుంచి వచ్చు?"

"మొదటి నెల నుంచీ."

మతౌష్ చెంప మీది నురగ తుడిచాడు. దొరగారు అద్దంలోకి చూస్తూ మాట్లాడారు.

"పెళ్ళయితే ఊళ్ళో కాపురం పెడతావు. గురువారం పూట పెళ్ళాం పక్కన కూర్చుంటావు. వయోలా లేకపోతే ఫాదరూ రాడు, పంతులూ రాడు. ఇంత ఇంట్లో నేనొక్కణ్ణీ ఏం చెయ్యనురా?"

"వస్తానని చెప్పేవాణ్ణి. మీరు అడిగితేగా."

"రానంటావేమోనని అడగలేదు."

మతౌష్ గడ్డం పూర్తి చేశాడు. ఎక్కడా గాటు పడలేదు.

ఆ గురువారం రోండో ముగిసింది. ఆఖరి స్వరం తర్వాత ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. ఫాదర్ ఇంకా ఏమైనా ఉందేమోనని కాగితం తిప్పి చూశారు. దొరగారు లేచి వెళ్ళి సంతకం పెట్టారు.

మతౌష్ వంటింట్లోకి వెళ్ళి జరిగిందంతా దాచకుండా చెప్పాడు. అపొలేన పిండి పిసుకుతోంది.

"మొదటి నెల నుంచా?" అంది.

అరవలేదు. పిండి మాత్రం అవసరమైనదానికంటే చాలాసేపు పిసికింది.

కోతలయ్యాక ఫాదర్ ప్రొకొప్ పెళ్ళి జరిపించారు. పిల్లలు కలగలేదు. ఆ వయసు దాటిపోయింది. అపొలేనకు పిల్లలంటే ప్రాణం, ఆ బాధ ఆమెను ఎన్నడూ వదల్లేదు. మతౌష్ మాట తప్పకుండా ప్రతి గురువారం వెళ్ళి వయోలా వాయించాడు. దానికి ఆమె అడ్డు చెప్పలేదు, వంటింటి పనీ మానలేదు.

పెళ్ళయిన వారమే దొరగారి బల్ల మీదికి ప్లమ్ పండ్లు లోపల పెట్టి ఉడికించిన పిండి ఉండలు వచ్చాయి. పనివాళ్ళ ఇళ్ళలో వాటిని పండులోని గట్టి గింజతోనే ఉడికిస్తారు, దొరల బల్లకు గింజ తీసి పంపుతారు. దొరగారు కొరకగానే పన్ను చప్పుడైంది. కుర్చీ వెనక ఉన్న మతౌష్ వంటింటికి వెళ్ళి చెప్పాలి. వెళ్ళలేదు. దొరగారు గింజను పళ్ళెం అంచున పెట్టి రెండో ఉండ తీసుకున్నారు.

ఆయన బతికినంతకాలం ప్లమ్ పండ్ల రోజుల్లో అదే వరస. ఒకసారి ప్రాగ్ నుంచి వచ్చిన చుట్టం ఒకాయన దవడ పట్టుకుని, ఇలాంటి వంటమనిషిని ఇంకా ఎందుకు ఉంచుకున్నారని అడిగాడు.

"మా ఇంట్లో ఇవి ఇలాగే తింటాం," అన్నారు దొరగారు, నోట్లోంచి గింజ తీస్తూ.