బూడిదరంగు కోటు

వసంతంలో ఈడర్ అనే సముద్రపు బాతులు దీవి ఒడ్డెక్కిన రోజు నుంచి బోర్గిల్డ్ ఒంటిమీద ఆ బూడిదరంగు కోటు తప్ప మరో బట్ట కనిపించదు. అవి గుడ్లు పొదిగి, పిల్లలతో నీళ్ళలోకి దిగేదాకా అంతే. అవి బెదురుతాయని గొడ్డలి ఎత్తదు, తీగమీద బట్టలారేయదు, దగ్గొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. అమ్మ పాడిన కూనిరాగమే తీస్తూ, అమ్మ నడిచినట్టే కాళ్ళీడుస్తూ చెక్కగూళ్ళ మధ్య తిరుగుతుంది. ఆ కోటునూ ఆ రాగాన్నీ గుర్తుపట్టిన బాతులు తల కూడా తిప్పవు. పిల్లలు వెళ్ళిపోయాక గూళ్ళలో మిగిలిన మెత్తటి నూగుతో ఆవిడ దుప్పట్లు కుడుతుంది. వాటికి కాపలా కాసినందుకు అవి ఇచ్చే కూలి అదే.

ఎదురుగా ఒడ్డున ఉన్న ఊరంటే ఆవిడకి ఒళ్ళుమంట. చేపల వాసన కొట్టే ఆ రేవుకి ఇప్పుడు రంగులేసి, పడవలు దాచుకునే కొట్లలో కాఫీ అమ్ముతున్నారు. చూడవలసినవంటూ బోర్డొకటి పెట్టారు: లైట్‌హౌసు, చిల్లుకొండ, ఎండుచేపల పందిళ్ళు, ఆ కింద బాతులావిడ. బోర్డుమీద తన మొహం చూసుకుని బోర్గిల్డ్ రేవులోనే ఉమ్మేసింది.

"ఎండుచేపల తరవాతా నేను? థూ!" అంది తమ్ముడితో.

తమ్ముడు ఐలర్ట్‌ది టూరిస్టు పడవ. "పేరొస్తుంటే ఉమ్ముతావేంటక్కా! జనం నీకోసం అడుగుతున్నారు," అన్నాడు నవ్వుతూ.

"అడిగితే అడగనీ. పొదిగే రోజుల్లో ఒక్కడు దీవిమీద కాలు పెట్టాడో, నీ పడవకి చిల్లు పెడతా."

"సరేలేవే తల్లీ, ఒట్టు."

ఆ చలికాలం వాడే పాన్‌కేకులు పట్టుకుని వచ్చాడు. ఒకే తానులోంచి అమ్మ కుట్టిన కోట్లు రెండు. బోర్గిల్డ్ వేసుకునేది కాక రెండోది, అమ్మది, పెట్టెలో ఉంది. "అమ్మ కోటు మ్యూజియంలో అద్దాల వెనక పెడతారటక్కా. అమ్మ పేరుంటుంది," అన్నాడు. బోర్గిల్డ్ కళ్ళు చెమర్చాయి. వీడిలో ఇంకా మనిషి మిగిలున్నాడనుకుని, కోటు మడిచి చేతిలో పెట్టింది.

మే నెలలో ఒక ఉదయం ఆవిడ దీవి అవతలి ఒడ్డున ఎండుకట్టెలు ఏరుతుంటే నవ్వులు వినిపించాయి. కట్టెలు పారేసి వచ్చింది. ఎర్ర లైఫ్ జాకెట్లు వేసుకున్న గుంపు గూళ్ళ మధ్య నిలబడి ఉంది. ముందు ఐలర్ట్. ఒంటిమీద అమ్మ కోటు, నోట్లో అమ్మ కూనిరాగం! బాతులు కదలలేదు. వాడు ఒక బాతు కింద చెయ్యిపెట్టి పైకెత్తి, "చూశారా, ఎంత నమ్మకమో!" అంటున్నాడు. ఒకావిడ గూట్లోంచి గుప్పెడు నూగు లాగి బుగ్గకి రుద్దుకుంటోంది. ఒకడు ఫోను గూట్లో దూర్చాడు. ఫ్లాష్ మెరిసింది.

బాతులన్నీ ఒక్కసారిగా లేచాయి. బెదిరి లేచే ఈడర్ బాతు తన గుడ్లమీదే రెట్టవేసి పోతుంది. పచ్చటి జిగట రెట్ట, కడుపులో దేవే కంపు. గూడుగూడునా గుడ్లు అందులో మునిగిపోయాయి. "అబ్బ, ఏం కంపు!" అంటూ గుంపు ముక్కులు మూసుకుంది. బోర్గిల్డ్‌కి మాత్రం ఆ కంపుకన్నా తమ్ముడి సెంటు వాసనే ఎక్కువ రోత పుట్టించింది.

అంత కోపంలోనూ ఆవిడ గొంతు పెంచలేదు. గూళ్ళ దగ్గర అరవడం ఆవిడకి పుట్టి బుద్ధెరిగాక అలవాటు లేదు.

"అమ్మ కోటురా అది," అంది గుసగుసగా.

"అదుండబట్టేగా ఇంతసేపు కూర్చున్నాయి! మనింట్లో పెరిగినవాణ్ణి, ఆమాత్రం కిటుకు నాకు తెలీదా? ఆ ఫోనువాడు చెడగొట్టాడు గానీ..."

"మ్యూజియం అన్నావు."

"సీజనయ్యాక ఇస్తానే."

"ఛీ! చచ్చిన అమ్మని ఈ బాతుల దగ్గర మోసగత్తెని చేశావు. ఫో అవతలికి!"

పడవ వెళ్ళిపోయింది. సాయంత్రానికి బాతులు ఒక్కొక్కటే తిరిగొచ్చి ఆ కంపులోనే కూర్చోవడం కిటికీలోంచి చూశాక ఆవిడ గుండె కుదుటపడింది.

మర్నాడు పొద్దున్నే అలవాటుగా కోటు తొడుక్కుని, కూనిరాగం తీస్తూ గడప దాటింది. మొదటి గూట్లోని బాతు తల తిప్పింది. కోటును చూసింది. మరుక్షణం లేచింది, దాని వెనక అన్నీ లేచాయి. మళ్ళీ అదే రెట్ట, అదే కంపు. తల్లులు వదిలిపోయిన గుడ్లమీదికి ఇంటికప్పు మీంచి సముద్రపు కాకులు వాలాయి.

వాటిని తోలడానికి ఆవిడ ఒక అడుగు వేసింది. అప్పుడే తిరిగొస్తున్న రెండు బాతులు మళ్ళీ నీళ్ళమీదికి మళ్ళాయి. ఆవిడ ఆగిపోయింది. అడుగు వెనక్కి వేసి లోపలికి వచ్చి, కోటు విప్పి మూలకి విసిరింది. పాట ఆగిన ఇంట్లో, బయట కాకులు గుడ్లు పొడుస్తున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది.

వెళ్ళి తరమలేదు. మిగిలిన బాతులకి తన నీడైనా కనపడకూడదని, బోర్గిల్డ్ కిటికీ తెర దగ్గరికి లాగింది.