కుయ్యో వాద్యాలు, ఇంటాయన అనుమానాలు

వీధి వీధంతా అతన్ని కుయ్యో అనే పిలుస్తుంది. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, దాని అవసరం ఇంతవరకూ ఎవరికీ పడలేదు. పగలంతా రిపేరు కొట్లో కాలిపోయిన ఫ్యాన్లకు తీగ చుడతాడు. సాయంత్రం గదికి చేరి, లోకం పారేసిన వస్తువులకు గొంతులు పెడతాడు. సబ్బుపెట్టెలో బ్యాటరీ, నాలుగు చిల్లర భాగాలు బిగిస్తే అది పిల్లిలా ఏడుస్తుంది; పైన చెయ్యి నీడ పడితే స్వరం తగ్గించి ముసలిపిల్లిలా ఏడుస్తుంది. బిస్కెట్ డబ్బాకు సైకిల్ చువ్వలు బిగించి, పాత కాలింగ్ బెల్‌లోంచి ఊడదీసిన ఇత్తడి బిళ్ళ అంటించి, దాని వైరు రేడియోకి కలిపి మీటితే, గోడగడియారం నూతిలో పడ్డట్టు మోగుతుంది.

పక్క వాటాలో ఉండే ఇంటాయనకు ఇదంతా సంగీతమని నమ్మకం కుదరలేదు. సంగీతమే అయితే తలుపులు వేసుకోవడం దేనికి? చప్పుడు భరించలేక వాటిని వేయించింది తానేనన్న సంగతి ఆయన విచారణలో ప్రస్తావనకు రాలేదు. చెవులకు వైర్లు తగిలించుకుని, కళ్ళు మూసుకుని, తనలో తాను నవ్వుకునే మనిషి ఏదో వింటున్నాడు. పక్కన ఉన్నది తన సంసారం. కాబట్టి వింటున్నది దాన్నే. ఇంత పకడ్బందీ తర్కం కోర్టుల్లోనూ దొరకదు.

ఒక ఆదివారం వచ్చి గది ఖాళీ చెయ్యమన్నాడు. కుయ్యో లెక్క వేసుకున్నాడు. ఇంకో గది దొరక్కపోదు. ఈ రొదకు ఓర్చుకునే గది దొరకదు.

"ఈ ఇత్తడి బిళ్ళ మాటలు వినదు బాబాయ్‌గారూ. గాల్లో ఏం పలికినా దీనికి పట్టదు. కావాలంటే మీరే మాట్లాడి చూడండి."

ఇంటాయన బిళ్ళ ముందు వంగి, ప్రమాణస్వీకారం చేస్తున్నంత గంభీరంగా తన పేరూ చిరునామా చెప్పాడు. రేడియో నోరు మెదపలేదు. ఆయన ముఖంలో అనుమానం సగం దిగింది. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ చేసినవాడికి, తన వస్తువు చేతకానిదని రుజువవుతుంటే చూస్తూ ఊరుకోవడం కష్టం. గట్టి వస్తువుకి అంటిస్తే మాత్రం దీని తడాఖా చూడాలంటూ కుయ్యో బిళ్ళను చేతికందిన చోట అదిమిపెట్టాడు. అది రెండు వాటాల మధ్య మేకులు కొట్టి మూసేసిన పలచటి చెక్క తలుపు. అవతల, మావగారు ఇక్కడేం మాట్లాడుతున్నారో విందామని కోడలు దానికే ఆనుకుని నిలబడి ఉంది.

రేడియోలోంచి ఆవిడ గొంతు బొంగురుగా వచ్చింది. భర్తతో అంటోంది: "డబ్బాలో పంచదార రోజూ తరిగిపోతోందేమిటి మావయ్యగారూ అంటే, చీమలమ్మా అన్నారు. మీసానికంటినది ఏ చీమ పెట్టిందో అడగండి మీ నాన్నగారిని. అవతల డాక్టరు షుగరని మొత్తుకుంటుంటే."

ఇంటాయన మీసం తడుముకున్నాడు. కుయ్యో బిళ్ళ లాగేసి, ఇక మూట కట్టుకోవడమే అనుకుని సంచీ అందుకున్నాడు.

"ఎక్కడికి?"

"ఖాళీ చెయ్యమన్నారుగా."

ఇంటాయన గొంతు బాగా తగ్గించాడు. "ఇంకా ఏమేం విన్నావు?"

"ఒట్టు బాబాయ్‌గారూ, వినడం ఇదే మొదలు."

"ఆ మాట ఎవడైనా అంటాడోయ్."

ఇంత తెలిసిన మనిషిని వీధిలోకి వదలడం క్షేమం కాదని ఆయన అప్పటికప్పుడే తీర్మానించాడు. నిజం చెబితే నమ్మలేదు కాబట్టి కుయ్యోకి గది నిలిచింది. ఇప్పుడు పోతానని తానే అన్నా ఆయన ఒప్పుకోడు. సాయంత్రాలు కుర్చీ తెచ్చుకుని గుమ్మంలో కాపలా కూర్చుంటాడు. లోపల చప్పుడవుతున్నంతసేపూ కుయ్యో ఇంకేమీ వినడం లేదని ఆయనకు ధైర్యం. క్షణం ఆగితే చాలు, తల లోపలికి పెట్టి, "ఏం, ఆపావేం?" అంటాడు.