పరుగు పరీక్షకు ముందు వారం

ఇవాళ పొద్దున కాలవ కట్ట మీద ఇద్దరు ఆడపిల్లలు పరిగెత్తుతూ నన్ను దాటిపోయారు. వెనకబడిన పిల్లను ముందున్న పిల్ల, "ఇంకొక్క రౌండే, రావే!" అని అదిలిస్తోంది. కానిస్టేబులు పరీక్షకు తయారవుతున్నారని చూడగానే తెలిసింది. ఆరున్నరకే ఉయ్యూరు ఎండ వీపు మీద చురుక్కుమంటోంది. నా నడక అక్కడే ఆగిపోయింది.

మా మరదలు ఈ కట్ట మీదే పరిగెత్తిన వేసవికి, మా తమ్ముడు పోయి ఏడాది నిండలేదు. కొండపల్లి దగ్గర లారీ గుద్దింది. మరదలు నాలుగేళ్ల పాపను ఎత్తుకుని, మా అమ్మతో పాటు మా ఇంటికే వచ్చేసింది. మాట తక్కువ మనిషి. ఒకరోజు పేపర్లో కానిస్టేబులు ఉద్యోగాల ప్రకటన చూపించి, "వదినా, దీనికి పెట్టుకుంటానండీ. వయసుకి ఇదే ఆఖరు" అంది. రాత పరీక్ష సులువుగానే గట్టెక్కింది. మిగిలింది పరుగు: గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు, వాళ్లు పెట్టిన టైములో. అమ్మ రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకుంది. మూడో రోజున నాతో, "నువ్వు పక్కనుంటేనే వెళ్లమను. ఒక్కత్తీ కట్ట మీద పరిగెత్తితే ఊరు ఊరుకోదు" అంది.

నాకేమో షుగరు, మోకాళ్ల నొప్పులు. నడవమని డాక్టరు మూడేళ్లుగా మొత్తుకుంటున్నా విన్నదాన్ని కాదు. చీర మీద బూట్లు వేసుకుని బయల్దేరితే మా ఆయన, "ఇక దొంగలు ఊరొదిలి పోవాల్సిందే" అన్నారు. కాలవకు నీళ్లు కట్టేసిన రోజులవి. అడుగున బురద పెచ్చులుగా పగిలి ఉండేది. మరదలు చున్నీ నడుముకు బిగించి లాకుల దాకా పరిగెత్తి వచ్చేది, నేను ఫోనులో టైము చూసేదాన్ని. రోజూ కాస్త కాస్త తగ్గుతోంది. తగ్గిన రోజున ఆమె ముఖంలో, తమ్ముడు పోయాక మళ్లీ చూడని వెలుగు కనబడేది.

రోహిణి కార్తె వచ్చింది. తెల్లవారుజామున కూడా గాలి లేదు. పరీక్ష ఇంకో వారం ఉందనగా, ఆమె తయారై గుమ్మంలో నిలబడి, "లేవండి వదినా, ఎండెక్కకముందే వచ్చేద్దాం" అంది.

"ఇవాళ నా వల్ల కాదమ్మా. రేపెళదాం."

మర్నాడూ అదే మాటన్నాను. మూడో రోజు నుంచి ఆమె అడగలేదు. నేను పడుకున్న గది పైన, డాబా మీద, మెత్తగా అడుగుల చప్పుడు వినిపించేది. ఎలాగూ పరిగెత్తుతోందిగా అనుకుని అటు తిరిగి పడుకునేదాన్ని.

పరీక్షనాడు తోడు వెళ్లాను. రెండు రౌండ్లు అందరికంటే ముందుంది. మూడో రౌండులో కుంటడం మొదలుపెట్టింది. నాలుగోది పూర్తికాకముందే విజిల్ ఊదేశారు, గీతకు ఆమె ఇంకా పది అడుగుల దూరంలో ఉంది. గట్టున కూర్చుని బూట్లు విప్పితే, అరికాళ్ల నిండా చితికిన బొబ్బలు.

"ఇదేంటమ్మా?"

"డాబా గరుకు కదండీ. బూట్లేసుకుంటే చప్పుడుకి మీరు లేస్తారని ఒట్టికాళ్లతో పరిగెత్తాను."

 ఆ సాయంత్రం అమ్మ ఆమె కాళ్లు ఒళ్లో పెట్టుకుని వెన్న రాసింది.

మళ్లీ నోటిఫికేషన్ పడేసరికి వయసు దాటింది. ఇప్పుడు బెజవాడలో బట్టల కొట్లో పనిచేస్తోంది. పొద్దుట్నుంచి రాత్రి దాకా నిలబడే ఉద్యోగం. కిందటేడు ఆ కొట్టుకు వెళ్లినప్పుడు, ఎవరూ లేకుండా చూసి అడిగేశాను. "నేనా వారం రోజులూ వచ్చుంటే పాసయ్యేదానివి కదూ?" ఆమె చీర మడత సరిచేస్తూ, "ఏమో వదినా. ఆ రోజు గాలి కూడా లేదుగా" అంది. నా మీద కోపం ఉందన్నా బాగుండేది.

ఇప్పుడు నన్నెవరూ లేపకుండానే రోజూ కట్ట మీదికి వస్తున్నాను. వేసవులు ఏటా వస్తూనే ఉన్నాయి. ఆమెకు పనికొచ్చే వేసవి మాత్రం ఆ ఒక్కటే, అందులో ఏడు పొద్దులు నేను నిద్రపోయాను.