లంగరు ముద్ర టోపీలు, నా పసుపు

ఉప్పు కొఠారు రేవులో మా పడవ ఆగేసరికి పొద్దు నడినెత్తిన ఉంది. రాజమహేంద్రం నుంచి మూడు రోజుల ప్రయాణం. తొమ్మిదిమంది సిపాయిలు, ఒక హవల్దారు, ఇద్దరం ఆడవాళ్ళం. ఆ రోజుల్లో సిపాయిల వెంట పెళ్ళాలు కూడా వెళ్ళేవారు. నేను తుపాకి పట్టలేదు. అయినా ఉప్పుకు కాపలా కాసిన ఆ ఆరు నెలల కొలువు నాది కూడా అనే అనుకుంటాను.

ఎదురుగా గోదావరి సముద్రంలో కలిసే చోటు. వెనక ఉప్పుమళ్ళు. చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క లేదు. రోజూ పొద్దెక్కాక ఎగువ లంక నుంచి ఒక జాలరి పడవ మీద మంచినీళ్ళ కుండలు తెచ్చేవాడు. అతని పుణ్యాన బతికాము.

చెకుముకి తుపాకులు పోయి టోపీ తుపాకులు వచ్చిన కొత్త. శనగగింజంత రాగి టోపీని తుపాకి చెవికి తొడగాలి. మీట నొక్కితే సుత్తి దానిమీద పడి మందు అంటుకుంటుంది. ఆ టోపీలు దొరల సీమ నుంచి రేకు డబ్బాల్లో వచ్చేవి. మూతమీద లంగరు ముద్ర. ఆ ముద్ర అంటే హవల్దారుగారికి గొప్ప గురి.

“ఏట్లో ముంచి తీసినా లంగరు తప్పదమ్మా. తప్పితే మన మనుషులు తప్పాలి,” అనేవారు.

మహర్నవమినాడు ఆయుధపూజ చేసుకున్నాము. మా ఆయన స్నానానికి వెళ్ళారు. తుపాకికి బొట్టు పెట్టి, టోపీల డబ్బాకూ పెట్టాను. ఒట్టి మూతకు పెడితే ఏం పుణ్యమని మూత తీసి, పైవరస టోపీలకు తడిపసుపు రాశాను.

మూడోనాడు ఉదయం మా ఆయన పహరా. సన్నని వాన. పది బారల అవతల ఏమీ కనిపించదు. ఉప్పుదొంగల భయం వల్ల ఉత్తరువు గట్టిది: మూడు కేకలకు పలకని పడవను కాల్చాలి. సముద్రం వైపు నుంచి ఒక పడవ వచ్చింది.

“ఎవరది?” మూడుసార్లు. జవాబు లేదు.

టిక్కుమని చప్పుడు, తుపాకి పేలలేదు. నేను పొయ్యి వదిలి బయటికి పరుగెత్తాను. ఆయన రెండో టోపీ తొడిగారు. మళ్ళీ టిక్కు.

పడవ ఒడ్డుకు తగిలింది. అది మా నీళ్ళ పడవే. ఆ జాలరికి జ్వరమని అతని ముసలి తండ్రి తెచ్చాడు. ఏటి వడి పడవను సముద్రం వైపు తోసేసింది. ఆ ముసలాయనకు బొత్తిగా చెవుడు.

సంగతి విని, ఆ తర్వాత నాలుగోరోజున మా పటాలం తెల్లదొర వచ్చాడు. సీమ టోపీ పాడవదని, సిపాయి సరిగ్గా ఉంచలేదని అన్నాడు. మా ఆయనను కొలువులోంచి తీసేస్తానన్నాడు. పదకొండేళ్ళ కొలువు. పసుపు సంగతి చెబితే, పెళ్ళాన్ని ముట్టనిచ్చాడని ఆయనదే తప్పు. చెప్పకపోయినా ఆయనదే తప్పు. స్వామిని తలుచుకుని డబ్బా పట్టుకెళ్ళాను.

“నేనే పసుపు రాసేనండి. ఆయనెరగరు.”

హవల్దారుగారు నెత్తి కొట్టుకున్నారు. “తాంబూలం కూడా పెట్టాల్సిందమ్మా, పేలును.”

దొర అక్కడే పరీక్ష పెట్టించాడు. నా పసుపు టోపీలు ఆరు కాల్పిస్తే నాలుగు పేలాయి. సీలు తీయని కొత్త డబ్బాలోవి ఆరు కాల్పిస్తే మూడే పేలాయి.

“అయితే పసుపే నయమాండీ?” అన్నాడు వెనకనుంచి ఒక సిపాయి.

దొర మూతమీది లంగరును చాలాసేపు చూశాడు. చివరికి సముద్రపు గాలికి చెమ్మ పట్టిందని రాయించి వెళ్ళిపోయాడు. మా ఆయన కొలువు నిలిచింది. మరుసటి నెల మళ్ళీ లంగరు డబ్బాలే వచ్చాయి.

“ఆయ్, లంగరు తప్పదండి. గాలి తప్పింది,” అన్నారు హవల్దారుగారు.

దొర వచ్చి వెళ్ళిన రోజు మా ఆయన అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నారు.

“పేలలేదని దొర తిడితే సిగ్గేసిందే. పేలుంటేనో అనుకుంటే ముద్ద దిగట్లేదు.”

ఆరు నెలలకు రాజమహేంద్రం తిరిగి వచ్చాము. ఆ వాననాడు పేలని టోపీలు రెండూ నా దేవుడి పీట మీద ఉన్నాయి. ఎవరికి దండం పెట్టాలో ఇప్పటికీ తెలియదు. నా పసుపుకా, సముద్రపు గాలికా, ఆ టోపీలు సరిగ్గా చెయ్యని సీమ మనిషికా? అందరినీ చల్లగా చూడమని స్వామికే పెడతాను.

కళ్ళు మూస్తే అదే కనిపిస్తుంది. వానలో మా ఆయన భుజాన తుపాకి ఇంకా దిగలేదు. ముసలాయన పడవలో లేచి నిలబడి, నవ్వుతూ, నీళ్ళకుండను రెండు చేతులా ఎత్తి ఆ గొట్టానికి ఎదురుగా పట్టుకుని, అందుకో అన్నట్టు ఆగి ఉన్నాడు.