ఆగకుండా నడిచిన మిషను

ఇంటి నుంచే పని చేయమని కంపెనీ చెప్పినప్పుడు, హాలియాలో మా ఇంటి వెనక గదిలో బల్ల వేసుకున్నాను. కోడు రాసేటప్పుడు నాకు చుట్టూ ఏదో ఒక చప్పుడు ఉండాలి. హెడ్‌ఫోన్స్‌లో వాన చప్పుడు పెట్టుకుంటే నిద్ర వచ్చేది. పాటలు పెట్టుకుంటే మనసు మాటల వెంట పోయేది. చివరికి నాకు కుదిరింది పక్కింటి చాచీ కుట్టుమిషను. మా రెండిళ్లకూ మధ్య ఒక్కటే గోడ. మోటారు మిషను జర్రుమని జానెడు దూరం కుట్టి ఆగేది, ఆమె బట్ట తిప్పాక మళ్లీ సాగేది. దాంతోపాటే నా పనీ సాగేది. ఈ సంగతి ఆమెకెప్పుడూ చెప్పలేదు.

రంజాన్ నెలలో ఒక రోజు, కోడులో తప్పెక్కడుందో దొరక్క పొద్దుటి నుంచి తల పట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం గోడ అవతల మిషను ఆగకుండా నడవడం మొదలైంది. ఒకటే మోత. ఇదీ బాగానే ఉందనుకున్నాను. నిజంగానే మనసు నిలిచింది. తప్పు దొరికింది, సరిచేశాను, నడిపించి చూసుకున్నాను. కుర్చీలో వెనక్కి వాలాక గానీ తట్టలేదు, ఇంతసేపు ఆగకుండా కుట్టాలంటే అంత పొడుగు బట్ట ఎక్కడిదని.

"చాచీ!" అని గోడ మీద కొట్టాను. మిషను అలాగే నడుస్తోంది.

పరుగెత్తాను. తలుపు తోసేసరికి ఆమె మిషను బల్ల మీద తల వాల్చి ఉంది. చెంప కింద సగం కుట్టిన జాకెట్టు. పాదం ఇంకా పెడల్ మీదే ఉంది. సూది ఊరికే పైకీ కిందికీ ఆడుతోంది. ప్లగ్గు పీకేశాను. భుజం పట్టి కుదిపాను. ఆమె ఒళ్లంతా చల్లటి చెమట. ఎంత పిలిచినా పలకలేదు.

అమ్మా నేనూ ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. నర్సు ఆమె వేలు గుచ్చి చూసింది.

"షుగర్ మొత్తం పడిపోయింది. గిట్ల ఒక్కపొద్దులుంటె ఎట్ల? సోయి తప్పి ఎంతసేపైంది?"

మిషను ఎప్పటి నుంచి ఆగలేదో నాకు తెలుసు. ఆలోగా ఎంత పని పూర్తి చేశానో కూడా తెలుసు.

"ఇప్పుడే చూసిన," అన్నాను.

గ్లూకోజు ఎక్కించిన కాసేపటికి ఆమె కళ్లు తెరిచింది. "జాకెట్టు ఖరాబైందా?" అని అడిగింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఇంటికొచ్చాక, మిషను చప్పుడు వింటూనే పని చేసుకుంటానని ఆమెకు చెప్పేశాను. చాచీ నా చేయి పట్టుకుంది.

"అయ్యో బిడ్డా! నీకు అడ్డమొస్తదని నువ్వు ఫోన్ల మాట్లాడినప్పుడల్లా బంద్ చేస్తుంటి. నువ్వు ఇన్నవు గనుకనే బతికిన."

ఎంతసేపు విన్నావని ఆమె అడగలేదు. నేనూ చెప్పలేకపోయాను.