డప్పు కాగేదాకా

మాదాపూర్‌లోని మా ఆఫీసులో నా పని తప్పులు పట్టడం. ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌ను నానా తిప్పలు పెట్టి, అది ఎక్కడ చతికిలబడుతుందో చూసి, రాసినవాళ్ల మొహం మాడిపోయేలా చిట్టా రాసి పంపిస్తాను. అందులో నాకు మంచి పేరే ఉంది. మరి అలాంటి నేను డప్పు విషయంలో ఎంత పెద్ద తప్పు చేశానో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వొచ్చిన మరుక్షణం ఒళ్లు కూడా పులకరిస్తుంది.

నా దగ్గర ఒక వర్క్‌స్టేషన్ కీబోర్డు ఉంది. పియానో, వయొలిన్ వగైరాలు అందులో ముందే ఉంటాయి. అవి కాక, మనం రికార్డు చేసుకున్న ఏ చప్పుడునైనా దాంట్లోకి ఎక్కించి ఒక్కో మెట్టుకు ఒక్కోటి కట్టుకోవచ్చు. మెల్లగా నొక్కితే మెల్లగా కొట్టిన చప్పుడు, గట్టిగా నొక్కితే గట్టిగా కొట్టిన చప్పుడు పలికేలా పొరలు పొరలుగా పేర్చుకోవచ్చు. దీన్నే మ్యాపింగ్ అంటారు. ఈ పిచ్చి పట్టాక నిజాంపేటలోని మా ఫ్లాట్‌లో నేను మెట్టుకు కట్టని చప్పుడు లేదు. కుక్కర్ విజిల్, లిఫ్ట్ తలుపు, ఇడ్లీ రేకులు, చివరికి మా అమ్మ తుమ్ము. ఆ తుమ్ముతో నేనొక పాట మొత్తం వాయిస్తే అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇక డప్పు సంగతి. మా ఆఫీసు క్యాబ్ నడిపే అన్న డప్పు కొడతాడు. ఆ సంగతి ఆయన చెబితే తెలిసింది కాదు. సిగ్నల్ దగ్గర బండి ఆగితే చాలు, ఆయన వేళ్లు స్టీరింగ్ మీద ఆడేవి. కుడిచేయి నిలకడగా ఒక దెబ్బ వేస్తుంటే ఎడమచేతి వేళ్లు దాని చుట్టూ చిటపటలాడేవి. ఎర్రలైటు పచ్చగా మారితే నాకు చిరాకేసేది. ట్రాఫిక్ జామ్ కోసం ఎదురుచూసిన మనిషి ఈ హైటెక్ సిటీలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

అందుకే నిరుడు ఆఫీసులో బోనాల పండగ చేస్తుంటే, ఆయన్ను పిలవాల్సిందేనని పట్టుబట్టింది నేనే. అక్కడే వచ్చింది చిక్కంతా. తోలు డప్పును సెగ చూపించి కాచాలి. కాగితే తోలు బిగుసుకుని కంగుమంటుంది, చల్లారితే సడలిపోతుంది. ఆయన గేటు బయట ముసురులోనే మంట వేసి, కాచుకుని, సరిగ్గా చెప్పిన టైముకు లోపలికి వచ్చాడు. లోపల పెద్దసారు ఉపన్యాసం ఎంతకీ తెమలలేదు. ఆ ఏసీ చలిలో డప్పు పట్టుకుని ముప్పావు గంట నిలబడ్డాడు. ఆయన వంతు వచ్చేసరికి తోలు మీద అరచెయ్యి పెట్టి చూసి, కార్యక్రమం నడిపిస్తున్న హెచ్ఆర్ అమ్మాయి దగ్గరికి వెళ్లాడు.

"జర రెండు నిమిషాలు మేడం, కాగవెట్టుకొని వస్త."

"సారీ అండి, టైమ్ లేదు. అలాగే కొట్టేయండి."

కొట్టాడు. బస్తా మీద కొట్టినట్టు వినిపించింది. వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నిమిషం గడవకముందే ఆ అమ్మాయి చప్పట్లు కొట్టించేసి డీజే పాట పెట్టించింది. ఆయన డప్పును గుడ్డలో చుట్టుకుని పక్క తలుపులోంచి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి సిగ్నల్ దగ్గర స్టీరింగ్ మీద చేతులు కదల్లేదు. ఏడాదంతా కదల్లేదు. నాకు తల కొట్టేసినట్టయింది, ఎందుకంటే ఆయన్ను అక్కడ నిలబెట్టింది నేను.

ఈ ఏడాది బోనాలకు మళ్లీ మెయిల్ రాగానే నాకు మెరుపులా తట్టింది. కాగిన డప్పు చప్పుడును కీబోర్డులోకి ఎక్కిస్తే? ఏసీ కాదు కదా, మంచు కురిసినా అది చల్లారదు! ఆ సాయంత్రం క్యాబ్‌లో కూర్చోకముందే చెప్పడం మొదలుపెట్టాను.

"ఆ హాల్ల నేను అడుగు వెట్ట మేడం," అన్నాడు అద్దంలోకి చూడకుండానే.

"మీరు రానక్కర్లేదన్నా. మీ దెబ్బ వస్తే చాలు. వాయించేది నేను."

"గట్లనుకుంటే ఫైబర్ డప్పు కొనుక్కోరాదుండ్రి. దానికి సెగ గిగ ఏమద్దు."

"అది మీకు నచ్చుతుందా?"

"బకెట్ లెక్క మోగుతది," అని మొదటిసారి నవ్వాడు. ఆ నవ్వు చాలు నాకు.

ఆదివారం పొద్దున మా ఇంటికి వచ్చాడు. మా వంటింట్లో గ్యాస్ పొయ్యి మీద డప్పు కాచాడు. పాలగిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడిన మా అమ్మ మొహం చూసి తీరాల్సిందే. నేను పడగ్గది కిటికీకి పరుపు ఆనించి, ఫ్యాను ఆపి, మైకు పెట్టి సిద్ధంగా ఉన్నాను. ఆయన కుడిచేతిలో చిర్ర అనే లావుపాటి కర్ర, ఎడమచేతిలో సన్నటి చిటికెన పుల్ల. ముందు మెల్లటి దెబ్బలు, తర్వాత మధ్యరకం, చివర గట్టివి. ఒకే చప్పుడు మళ్లీ మళ్లీ మోగితే మరమనిషి కొట్టినట్టుంటుంది కాబట్టి ఒక్కో దెబ్బను ఆరేడుసార్లు కొట్టించాను. గంటన్నర పట్టింది. మధ్యలో ఆయన ఒకసారి, "మళ్ల కాగవెట్టాలెనేమో మేడం," అన్నాడు. నేను చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఎక్కడో తేలిపోతున్నాను. "బాగుందన్నా, బాగుంది, ఆపకండి," అన్నాను. ఆయన మళ్లీ చిర్ర ఎత్తాడు.

మర్నాడు సెలవు పెట్టి మరీ మ్యాపింగ్ చేశాను. మెల్లగా వాయించి చూసుకుని మురిసిపోయాను. కంగుకంగుమంటోంది! సాయంత్రం ఆయన పక్క ఫ్లాట్ల వాళ్లను దింపడానికి వస్తే పైకి లాక్కొచ్చి కీబోర్డు ముందు నిలబెట్టాను.

ఆయన ఒక మెట్టు మెల్లగా నొక్కాడు. కంగుమంది. కనుబొమలు పైకి లేచాయి. ఈసారి గట్టిగా నొక్కాడు. దబ్బుమంది. ఇంకా గట్టిగా నొక్కాడు. ఇంకా చచ్చుగా దబ్బుమంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"గిది పోయినేడు గా హాల్ల మోగిన డప్పే, మేడం."

మెల్లటి దెబ్బలు కొట్టినప్పుడు డప్పు వేడిగా ఉంది. గట్టివి కొట్టేసరికి చల్లారిపోయింది. ఎంత బలంగా కొడితే అంత చచ్చు చప్పుడు వచ్చే వాయిద్యాన్ని నా చేతులతో నేనే తయారుచేశాను. పైగా ఆయన మళ్లీ కాచుకుంటానంటే వద్దంది కూడా నేనే. ఆ హెచ్ఆర్ అమ్మాయికీ నాకూ తేడా ఏముంది? లోకంలో అందరి తప్పులూ పట్టే నేను మెల్లగా నొక్కి చూసుకుని సంబరపడిపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"అన్నా, తప్పు నాది. ఇంకొక్క ఆదివారం ఇవ్వండి. ఈసారి మీరు ఎలా చెబితే అలా."

ఆయన గుమ్మం దాకా వెళ్లి చెప్పులేసుకుంటూ, "మా ఇంటికి రాండ్రి. మా ఆమెను అడగాలె," అన్నాడు.

ఆమెను ఎందుకు అడగాలో హఫీజ్‌పేట్ వెళ్లాక తెలిసింది. రైలుపట్టాలకు దగ్గరలో రెండు గదుల కిరాయి ఇల్లు, ముందు చిన్న వాకిలి. డప్పు కొట్టేది ఆయనే గానీ కాచేది ఆవిడ. ఆన్‌లైన్ పార్సిళ్ల అట్టపెట్టెలు చింపి మంట వేసింది. డప్పును సెగకు పట్టి మెల్లగా తిప్పుతూ, వేలితో అంచు మీద మీటి, తల పక్కకు వంచి వినేది. ఆయన చిర్ర ఎత్తి ఆమెకేసి చూసేవాడు.

"ఇంకా కాలే. ఆగు," అనేది ఆవిడ.

నేనూ మైకు పట్టుకుని ఆగేదాన్ని. రైలు పోయేది. మంట చిటపటలు అణిగేవి.

"ఇగ కొట్టు."

అబ్బా, ఆ దెబ్బ! చెవుల్లో కాదు, గుండెల్లో మోగింది. "మళ్లీ కాచండమ్మా, మళ్లీ!" అని అరిచాను. దెబ్బకో సెగ, సెగకో దెబ్బ. మధ్యాహ్నం దాకా అదే పని. పొగకు కళ్లు మండుతున్నాయి, జుట్టంతా బూడిద, వాన పడుతుందేమోనని ఆకాశం చూస్తూ ఆవిడ, రైలు టైములు చూస్తూ నేను. ఆమె నా అవతారం చూసి పడీపడీ నవ్వింది. "గీ సాఫ్ట్‌వేర్ పిల్లకు పిచ్చి లేసినట్టున్నది," అని మొగుడితో అంటే ఆయన, "మనకంటె తక్వనే," అన్నాడు. అంత ఆనందంగా గడిచిన ఆదివారం నాకు ఈమధ్య కాలంలో గుర్తులేదు.

ఈసారి మ్యాపింగ్ మా ఇంట్లో ఆయన్ను పక్కనే కూర్చోబెట్టుకుని చేశాను. నేను అలవాటు కొద్దీ లావు చప్పుళ్లు ఎడమవైపుకు, సన్నవి కుడివైపుకు కట్టాను. కీబోర్డంటే అంతే కదా. వాయించి చూపించాను. తాళం తప్పలేదు గానీ అందులో ఊపు లేదు, ఎక్కాలు అప్పజెప్పినట్టుంది. ఆయన కాసేపు ఓపికపట్టాడు. చివరికి ఉండబట్టలేక, "జరుగుండ్రి మేడం," అన్నాడు. కూర్చుని చేతులు పెట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"సిర్ర కుడిచేతిది. దాన్ని ఎడమకు వెడితె ఎట్ల? పుల్ల సప్పుడు ఎడమకు పెట్టుండ్రి. ఒక్క మెట్టు కాదు, నాలుగు వేళ్లకు నాలుగు."

మార్చాను. చిటికెన పుల్ల చప్పుళ్లు ఎడమచేతి నాలుగు వేళ్ల కింద, చిర్ర దెబ్బలు కుడిచేతి కింద. ఆయన భుజాలు సర్దుకుని మొదలుపెట్టాడు. ఏడాదిగా స్టీరింగ్ మీద ఆగిపోయిన దరువు మా ఇంటి స్పీకర్లలోంచి బయటికొచ్చింది. గట్టిగా నొక్కినకొద్దీ కంగుమంటోంది. మా అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి నిలబడింది. పై ఫ్లాటువాళ్లు తలుపు కొట్టారు, తిట్టడానికనుకున్నాను, వినడానికట.

ఆపాక ఆయన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని అడిగాడు. "ప్రోగ్రాం ఎన్ని గంటలకు?"

నేను గెంతిన గెంతుకు కుర్చీ పడిపోయింది.

అదే హాలు, అదే ఏసీ, అదే అమ్మాయి చేతిలో మైకు. పెద్దసారు ఉపన్యాసం ఈసారీ సాగింది. సాగనీ అనుకున్నాను. అన్న తన భార్యను కూడా వెంట తీసుకొచ్చాడు, ఆవిడ మూడో వరసలో నా పక్కన కూర్చుంది. ఆయన ఇస్త్రీ చొక్కాలో స్టేజీ ఎక్కి, ఎవరికేసీ చూడకుండా కీబోర్డు ముందు కూర్చున్నాడు. మొదటి దెబ్బకే హాలు ఉలిక్కిపడింది. నాలుగో దెబ్బకు వెనక వరసలవాళ్లు లేచి నిలబడ్డారు. ఆ తర్వాత ఎవరు ఎక్కడ ఎగురుతున్నారో నాకు తెలియదు, నేనే ఎగురుతున్నాను.

అయిపోగానే ఈలలు. హెచ్ఆర్ అమ్మాయి పరుగున వచ్చి, "అన్నా, ఇంకొక్కటి, ప్లీజ్!" అంటూ మైకు ఆయన నోటి దగ్గర పెట్టింది.

ఆయన ఆమెకేసి చూశాడు. "జర రెండు నిమిషాలు ఆగుండ్రి మేడం. కాగాలె."

హాలంతా గొల్లున నవ్వింది. ఆయన నవ్వలేదు. అరచెయ్యి కీబోర్డు మెట్ల మీద పరిచి, తోలు వేడి చూసినట్టు, అలాగే ఉంచాడు. నవ్వులు ఆగిపోయాయి. హెచ్ఆర్ అమ్మాయి మొహం ఎర్రబడింది, ఆమెకు గుర్తొచ్చింది. మైకు దించి పక్కకు జరిగి, చేతులు కట్టుకుని నిలబడింది. పెద్దసారు వీడియో కోసం ఎత్తిన ఫోను ఎత్తినట్టే ఉంది. అంతమందిలో ఒక్కరూ కదల్లేదు. ఏసీ హోరు తప్ప ఏమీ వినిపించడం లేదు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఒక నిమిషం గడిచింది, రెండోది కూడా గడిచింది.

నా పక్క సీట్లో ఆవిడ తల కాస్త పక్కకు వంచింది.

"ఇగ కొట్టు," అంది.