తమ్ముడి మజ్జిగలో మీగడ

ముప్పై ఏళ్లు దాటింది, ఒక చెంబెడు మజ్జిగ నా గుండె మీద బరువుగా కూర్చుని. నవ్వకండి. మీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

ఎనభైల చివర్లో మేం బాపట్లలో ఉండేవాళ్లం. నాకు రేపల్లె సంబంధం కుదిరింది. అదే వేసవిలో మా తమ్ముడికి కండల పిచ్చి పట్టింది. తెనాలిలో పోటీ, అరవై కిలోల తరగతి, అంతకు మించితే దిగనివ్వరు. కొవ్వు కరగాలి, కండ మాత్రం పెరగాలి అన్నారట వ్యాయామశాల మాస్టారు. వాడు అన్నం మానేశాడు. గుడ్డులో తెల్లసొన, ఉడికించిన ఉలవలు, వెన్న తీసిన మజ్జిగ, అంతే. సైకిలు మీద సూర్యలంక వెళ్లి ఇసుకలో పరుగెత్తేవాడు. నెల తిరిగేసరికి పొట్ట పోయింది, భుజాలు తేలాయి. నాకూ ముచ్చటేసింది.

కానీ పోటీలో చిన్న నిక్కరుతో, ఒంటికి నూనె రాసుకుని నిలబడాలట. నాకు కాబోయే మామగారిది తెనాలిలోనే ఉద్యోగం. ఆయన చూస్తే నా పరువేం కాను? అమ్మకు చెబితే నవ్వి ఊరుకుంది. ఇక వాడి బరువు పెరిగి పోటీ తప్పిపోవాలని నేనే వాడి మజ్జిగలో మీగడ వేసి గిలక్కొట్టడం మొదలుపెట్టాను. పూటకో చెంబు, మూడు వారాలు. "అక్కా, నీ చేతి మజ్జిగ అమృతమే" అనేవాడు, వెర్రినాగన్న. పొట్ట మళ్లీ కనబడుతుంటే ఇంకాస్త దూరం పరుగెత్తాడు.

పోటీ రోజు కాటా మీద అరవై ఒకటిన్నర. దొంగతిండి తిని అబద్ధాలాడుతున్నాడని మాస్టారు అందరి ముందూ తిట్టి పంపేశారు. మళ్లీ వ్యాయామశాల గడప తొక్కొద్దన్నారు.

ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో కూలబడ్డాడు.

"ఒట్టక్కా, మెతుకు ముట్టలేదు. పెట్టింది నువ్వే కదా. ఒక్కసారి వచ్చి మాస్టారికి చెప్పక్కా."

"పెళ్లి కావాల్సినదాన్ని, అక్కడికొచ్చి నేనేం చెబుతానురా? ఊరుకో."

ఎందుకు నోరు పెగల్లేదు? పెళ్లి ఆగిపోతుందనా? మీగడ కలిపినందుకు పెళ్లిళ్లు ఆగుతాయా? కాదు, వాడు నన్ను చూసే చూపు మారిపోతుందని భయం. వాడి నిక్కరుకు సిగ్గుపడ్డదాన్ని, వాడికి అబద్ధాలకోరన్న పేరు వస్తే మాత్రం కిమ్మనకుండా కూర్చున్నాను. ఇంతకీ మామగారికి ఆ పోటీ సంగతే తెలియదు.

వాడు మళ్లీ బరువులు ముట్టలేదు. "నా ఒళ్లే అంత అక్కా, గాలి పీల్చినా లావెక్కుతాను" అని మొన్న కూడా అన్నాడు, నేనిచ్చిన మజ్జిగ తాగుతూ. అప్పుడూ చెప్పలేదు.

వాడి ఒంటి తప్పేం లేదండి. వాడు ఒక్క మెతుకు ముట్టలేదు. మీగడ కలిపింది నేను. ఇన్నేళ్లకి ఈ రెండు ముక్కలూ రాయగలిగాను.